తాడిపత్రి పచ్చగానే ఉంది

ఆయుధ పూజ నాడు తాడిపత్రిలో యంత్రమన్నది తిరగకూడదు. నాపరాళ్ళు కోసే రంపమైనా, పాలిష్ పట్టే చక్రమైనా, ఆఖరికి ఆఫీసు గదిలో ఫ్యాను అయినా సరే, ముందురోజు సాయంత్రానికే ఒళ్ళు కడిగించుకుని, విభూతి పట్టెలు పెట్టించుకుని, బంతిపూల దండ వేసుకుని బుద్ధిగా కూర్చోవాలి. ఏడాదంతా చాకిరీ చేసినవాటికి ఒక్కరోజు సెలవివ్వకపోతే ఏదో ఒకనాడు వేలు పట్టుకుపోతాయని పాలిష్ ఫ్యాక్టరీ తిరుపాలు నమ్మకం. వాళ్ళ నాయన చూపుడువేలు అట్లాగే పోయింది మరి.

తిరుపాలు భార్య హేమావతి ఆ యేడు ఇంట్లోనూ అదే పద్ధతి పట్టింది. మిక్సీకి బొట్టు పెట్టింది, కుట్టుమిషనుకు పెట్టింది, తిరుపాలు గడ్డం గీసుకునే మిషనుకూ వదలకుండా పెట్టింది. చివరికి దేవుడి గూటి పక్కన గోడకు బిగించిన నల్లపెట్టె దగ్గరికొచ్చి ఆగింది. దాన్ని ఆపాలంటే ఆమెకు చెయ్యి రాలేదు. ఆ పెట్టెలో వాళ్ళమ్మ ఉంది.

ఉందంటే మనిషి కాదు. మనిషి హైదరాబాదులో, అన్న మద్దిలేటి ఇంట్లో ఉంది. పెట్టెలో ఉన్నది ఆమె జ్ఞాపకం.

ఓబులమ్మకు మతిమరుపు జబ్బు మొదలైనప్పుడు, పరిశోధనశాలలో పనిచేసే మద్దిలేటి అందరిలా ఏడుస్తూ కూర్చోలేదు. జబ్బు పూర్తిగా కమ్మేలోపల తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆమె బతుకంతా ఆమె నోటితోనే చెప్పించి రికార్డు చేశాడు. దానికి పెళ్ళిళ్ళ వీడియోలు, ఫోటోలు, ఫోన్ల మాటలు కలిపాడు. జొన్నగింజంత పూస ఒకటి తయారుచేసి ఆమె చెవిలో అమర్చాడు. ఎదుట ఎవరు నిలబడ్డారో, ఏం అడుగుతున్నారో ఆ పూస గమనిస్తుంది. జ్ఞాపకాల సముద్రంలో వెతికి, రెప్పపాటులో జవాబు చెవిలో వేస్తుంది. వేసేది కూడా ఓబులమ్మ గొంతుతోనే. అందుకని ఎవరో చెబుతున్నట్టుండదు, తనకే గుర్తొచ్చినట్టుంటుంది. దానికి 'ఊత' అని పేరు పెట్టాడు. అంత సముద్రాన్ని ఒక్క కంప్యూటర్ ఈదలేదు, మూడు కంప్యూటర్లు పనిని పంచుకోవాలి, దాన్నే క్లస్టర్ అంటారని చెల్లెళ్ళకు చెప్పాడు.

మూడు అనగానే ఓబులమ్మకు ప్రాణం లేచొచ్చింది. అప్పటికింకా ఆమెకు మాట మీద పట్టుంది.

"ఒరే మద్దిలేటీ, నా బుర్రను ఒక్కరి చేతిలో పెట్టొద్దురా. ఎంత మంచోడైనా ఒగనాడు కాకపోతే ఒగనాడు సర్దాలని చూస్తాడు. మీ ముగ్గురిళ్ళల్లో మూడు పెట్టండి. దాంట్లో ఏదన్నా తీయాలన్నా మార్చాలన్నా ఇద్దురు ఒప్పుకోవాల."

"అట్లనే మా."

"ఇంగోటి. నరహరిని మాత్రం తీయొద్దండి. ఏడిస్తే ఏడుస్తా. వాని కోసరం ఏడ్చేదానికి నేనొక్కదాన్నన్నా ఉండాల గదా."

నరహరి ఆఖరివాడు. పాత రాళ్ళగనిలో నిలిచిన వాననీళ్ళలో ఈతకు దిగి మళ్ళీ పైకి రాలేదు. మద్దిలేటి తల్లి చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు. హైదరాబాదులో ఒక పెట్టె, తాడిపత్రిలో హేమావతి ఇంట్లో ఒకటి, నంద్యాలలో చిన్నచెల్లెలు తులసి ఇంట్లో ఒకటి బిగించాడు. ఏ ఊరి పెట్టె పనిచేస్తోందో తెలియడానికి ముగ్గురి ఫోన్లలోనూ మూడు చుక్కలు పెట్టాడు. నడుస్తుంటే పచ్చ, ఆగితే ఎరుపు. ప్రతి పెట్టెలోనూ అమ్మ జ్ఞాపకాల నకలు ఒకటి ఉంటుందని, ఒక ఊరు ఆగినా మిగతా రెండూ బండి లాక్కొస్తాయని కూడా చెప్పాడు.

ఆ మాట గుర్తొచ్చి హేమావతి ధైర్యం చేసింది. "ఈ ఒక్కరోజు నిద్రపో మా, అన్న, చెల్లి చూసుకుంటార్లే" అంటూ స్విచ్చి ఆపి, పెట్టెకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. దాని పచ్చదీపం ఆరిపోతే మనసు చివుక్కుమంది. రోజూ కాఫీ తాగేముందు ఆ పెట్టెను కొంగుతో తుడిచి "లేసినావా మా?" అని పలకరించడం ఆమెకు అలవాటు. తిరుపాలు ఎగతాళి చేసినా మానలేదు.

గుమ్మడికాయ కొట్టారు. వడలు తిన్నారు. కాస్త తీరిక చిక్కాక, తన ఊరు ఎర్రబడి ఎట్లా ఉందో చూద్దామని హేమావతి ఫోను తీసింది. హైదరాబాద్ పచ్చ. నంద్యాల పచ్చ. తాడిపత్రి పచ్చ.

"ఏందయ్యా ఇది? నేను ఆపేసినా గదా!"

"నెట్టు నిదానమేమోలే" అన్నాడు తిరుపాలు వడ నములుతూ.

"పొద్దున ఆపితే ఇప్పటిదాకా నిదానమా? నీ మాదిరే ఉందే!"

ఆమె పోయి ఏకంగా వైరే పీకేసింది. చుక్క పచ్చగానే ఉంది. పెట్టె విప్పి చూడమంటే తిరుపాలు రెండు చేతులూ ఎత్తేశాడు. "ఈరోజు స్క్రూడ్రైవర్ పట్టుకునేదెట్లనే? దానికీ బొట్టు పెట్టినావు గదా! రేపు విప్పుతా."

రేపటిదాకా ఆగడం హేమావతి వల్ల కాలేదు. ఎందుకంటే ఉగాది నుంచి అమ్మ నరహరి మాటెత్తడం లేదు. అంతకుముందు ఫోను చేసినప్పుడల్లా "నరహరి తిన్న్యాడా పాపా?" అని అడిగేది. అంతలోనే చెవిలో ఊత నిజం చెప్పేది. కొడుకు పోయాడన్న కబురు అప్పుడే తెలిసినట్టు ఘొల్లుమనేది. వినలేక హేమావతి కూడా ఇక్కడ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చేది. ఒకసారి మద్దిలేటి అడిగాడు, "తీసేద్దామా హేమా?" అని. "అమ్మ వద్దనింది గదన్నా" అని ఆమె ఒక్కమాటతో కొట్టిపారేసింది. తర్వాత కొన్నాళ్ళకు అమ్మ అడగడమే మానేసింది. జబ్బు ముదిరింది, ఊతకు కూడా అందడం లేదని అన్న చెప్పాడు. నమ్మింది. అన్న చెబితే నమ్మకేం చేస్తుంది? నాయన పోయాక పదో తరగతి ఫీజు నుంచి పెళ్ళి దాకా అన్నీ తానై చూసినవాడు.

ఆమె తులసికి ఫోను చేసింది. ఈమధ్య తులసి ఎందుకో ముక్తసరిగా మాట్లాడుతోంది. ఈరోజూ అంతే.

"ఏమక్కా? చెప్పు."

"తులసీ, నిజం చెప్పు. అమ్మ బుర్రలో నుంచి నరహరిని తీసేదానికి నువ్వు ఒప్పుకున్న్యావా?"

తులసి గొంతు భగ్గుమంది.

"నేనా? బాగుంది కా! ఒప్పుకునింది నువ్వు. అన్నా నువ్వూ ఒకటై తీసేసినాక, మూడోదాన్ని నేను కాదంటే ఎవరికి లెక్క? ఏరు దాటి తెప్ప తగలేసినట్టు ఇప్పుడు నన్నడుగుతాండావే!"

"ఎవరు చెప్పినారే నేను ఒప్పుకున్న్యానని?"

"అన్న చెప్పినాడు. తాడిపత్రి సరేననిందని ఫోన్లో చూపిచ్చినాడు గూడా. అమ్మకిచ్చిన మాట తప్పినావని అప్పటి నుంచి నీతో మాట్లాడబుద్ధి గాల్యా నాకు."

తమ్ముడి జ్ఞాపకం పోయింది, చెల్లెలు దూరమైంది, రెండూ తన పేరు మీదే జరిగాయి. హేమావతికి మాత్రం తెలియదు. తన ఊరి పేరు పెట్టుకున్న ఆ పచ్చచుక్క ఎవరిదో తేల్చుకోవాలని మర్నాడు పొద్దున్నే హైదరాబాదు బస్సెక్కింది.

ఆమె వెళ్ళేసరికి వదిన పనిమీద బయటికి పోయింది. మద్దిలేటి తలుపు తీసి, "అరె, పండగపూట చెప్పకుండా వచ్చినావే! బావ రాలేదా?" అని ముఖమంతా నవ్వు చేసుకున్నాడు. ఆ నవ్వు చూస్తే ఎప్పటి అన్నే. అదే ఆమెకు ఇంకా మంటెత్తింది.

"నా పెట్టె యాడుందో చూపియ్యన్నా."

"ఏ పెట్టె?"

"తాడిపత్రి. ఆయుధ పూజకని దాన్ని ఆపేసినా. వైరు గూడా పీకినా. నీ ఫోన్లో మాత్రం నిక్షేపంగా నడుస్తాంది. ఏడ నడుస్తాందో నాకు చూపీ."

మద్దిలేటి నవ్వు జారిపోయింది. బుకాయించడానికి నోరు తెరిచాడు గానీ చెల్లెలి ముఖం చూసి మూసేశాడు. ఆమెను తన గదిలోకి తీసుకుపోయాడు. బల్ల కింద ఒకే ఒక్క కంప్యూటర్ ఉంది, ఫ్యాను బుయ్యిమంటోంది. తెర మీద మూడు పేర్లు వరసగా ఉన్నాయి. ఆయన కూర్చుని ఏదో టైపు చేసి ఒక మీట నొక్కాడు.

"ఇప్పుడు నీ ఫోను చూసుకో."

హేమావతి చూసుకుంది. తాడిపత్రి ఎర్రబడింది.

ఆమె మంచమ్మీద కూలబడింది. నూరామడల అవతల తన ఇంట్లో, తన దేవుడి గూటి పక్కన ఉందనుకున్నది ఈ బల్ల కింద ఉంది.

"వీటిని కంటైనర్లంటారు" అన్నాడు మద్దిలేటి తెరవైపే చూస్తూ. "డబ్బాల్లాంటివి. ఒకే కంప్యూటర్లో ఎన్నయినా పెట్టొచ్చు. ప్రతి డబ్బా తానొక వేరే కంప్యూటర్ననే అనుకుంటాది. పక్క డబ్బా ఎక్కడో దూరంగా ఉందనుకుని దానికి కబుర్లు పంపుతాది. ల్యాబులో ఏదన్నా పరీక్ష చేయాలంటే ముందు ఇట్లనే ఒక్కదాంట్లో నడిపి చూస్తాం."

"అంటే ఆ తాడిపత్రి డబ్బాకు, తాను తాడిపత్రిలోనే ఉండానని నమ్మకమా?"

"ఊ."

"అయితే అది గూడా నా మాదిరి పిచ్చిదేనన్నమాట."

మద్దిలేటి తల వంచుకున్నాడు. "మొదట నిజంగానే మీ ఇండ్లల్లో నడిపినా హేమా. ఒట్టు. కానీ మీకాడ కరెంటు పోతే, మిగతా రెండూ అందుకునేలోపల అమ్మకు మాట సగంలో ఆగిపోయేది. ఒగసారి అప్పుడే నంద్యాల్లోనూ లైను తెగితే ఇక్కడ అమ్మ మీ వదిన్ని చూసి 'ఎవతివే నువ్వు, నా ఇంట్లోకి ఎట్లొచ్చినావు' అని చెంబు విసిరింది. అందుకని, సరిజేసేదాకా అనుకుని మూడింటినీ ఈ ఒక్కదాంట్లోకే తెచ్చుకున్న్యా. చెబుదామనే ఉన్న్యా..."

"మా ఇండ్లల్లో పెట్టెలు మరి?"

"బాగుచేస్తానని విప్పినప్పుడే లోపలివి తీసుకొచ్చేసినా. దీపం వెలుగుతాది. అంతే."

అంతే! రోజూ కొంగుతో తుడిచి, అమ్మా అమ్మా అని పలకరించింది ఒక ఖాళీ డబ్బానా? హేమావతికి సిగ్గుతో ఒళ్ళంతా కాలింది. కరెంటు కోసమని చేశాడు, సరే. చెబితే తానే ఒప్పుకునేది కదా. ఇన్వర్టరు పెట్టించేది కదా. చెప్పకపోవడం దగ్గరే ఉంది మోసమంతా.

"నరహరినెట్ల తీసినావు?"

"హైదరాబాదు ఒప్పుకునింది, తాడిపత్రి ఒప్పుకునింది" అన్నాడు గొణిగినట్టు.

"తాడిపత్రి ఎవురు? నేను గదా! నేనెప్పుడు ఒప్పుకున్న్యా?"

అప్పుడు మద్దిలేటి ఒక్కసారిగా లేచాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు ఫోన్లో విన్న్యావు హేమా, నేను చూసినా! పొద్దున లేస్తూనే వాణ్ణడిగేది. ఊత చెప్పేది. తల గోడకేసి కొట్టుకునేది. అన్నం పెట్టేటప్పుడు మళ్ళా అడిగేది, మళ్ళా కొట్టుకునేది. రోజూ నా ఇంట్లో నా తమ్ముడు చచ్చిపోయినాడే! రోజూ! ఒక కొడుకుగా నేనేం చేయాల?"

"మమ్మల్ని అడగాల. కాదంటే మాతో కొట్లాడాల. అమ్మను తాడిపత్రికి తోలిచ్చి, నీ వల్ల కాదని చెప్పాల. అంతేగానీ నా గొంతు నువ్వు పెట్టుకుని నాకు బదులు సరే అంటావా?" హేమావతి కళ్ళు తుడుచుకుంది. "పోనీ. తీసింది మళ్ళా పెట్టు. మూడు నకళ్ళుండాయంటివి గదా."

మద్దిలేటి మీటల మీదికి చెయ్యి పోనివ్వలేదు.

"పెట్టన్నా!"

"ఊరికే దాచిపెడితే లాభంల్యా. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఏ పెండ్లి మాటొచ్చినా, ఏ పండగ మాటొచ్చినా ఊత వాణ్ణి బయటికి లాగేది. అందుకని మొదలంటా తీసేసినా. మూడు నకళ్ళూ ఈ ఒక్క డిస్కులోనే ఉండె. ఒగ దాంట్లో తీస్తే మూడింట్లోనూ పోయినాడు."

నరహరి పుట్టినప్పుడు వాన ఎట్లా కురిసిందో, వాడికి నత్తి ఎట్లా పోయిందో, గనికి పోయిన రోజు పొద్దున ఏమడిగి ఏం తిన్నాడో, ఓబులమ్మ తన నోటితో చెప్పుకున్న మాటలవి. మళ్ళీ చెప్పించడానికి ఆమె తలలో ఇప్పుడు ఏమీ లేదు. తాడిపత్రి పెట్టెలో నిజంగా ఒక్క నకలుంటే చాలు, హేమావతి ప్రాణం పోయినా దాన్ని తీయనిచ్చేది కాదు. అమ్మ ఎందుకు మూడిళ్ళన్నదో ఇప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం?

వంటింట్లోంచి రాగిసంగటి వాసన వచ్చింది. ఓబులమ్మకు ఏది మరిచినా చేతిపని మరవలేదు. ఇద్దరూ వెళ్ళి చూస్తే, తడిచేత్తో ముద్దలు చేసి పళ్ళెంలో పెడుతోంది. కూతుర్ని చూడగానే ఊత అందించింది, ఆమె ముఖం విప్పారింది.

"హేమా! ఎప్పుడొస్తివి పాపా? రా, కూసో, వేడిమీదుంది." ముద్దలు చూపిస్తూ లెక్కపెట్టింది. "ఇది అన్నకు. ఇది నీకు. ఇది తులసికి." నాలుగో ముద్ద దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మిగతావాటికంటే అది కాస్త పెద్దది, నడుమ నెయ్యికి గుంట చేసి ఉంది. నరహరికి అట్లా ఉంటేనే ముద్ద దిగేది. "ఇదెవరికి చేసినా?"

మద్దిలేటి గోడవైపు తిరిగాడు. ఓబులమ్మ ఒక్క క్షణం తల వాల్చి, చెవిలో మాట విని, ఊరటగా నవ్వింది.

"ఆ, అల్లునిది! తిరుపాలుకు. మర్సేపోయినా చూడు."

ఊత నరహరిని మరవడమే కాదు, వాడి ముద్దను ఇంకొకరికి పెట్టేసింది. అమ్మ గొంతుతోనే అమ్మకు అబద్ధం చెప్పింది. హేమావతికి దుఃఖం కన్నా ముందు భయమేసింది. రేపు ఈ గదిలో ఇంకేదో బరువైతే దాన్నీ తీసేస్తారు, దానికీ తాడిపత్రి సరేనంటుంది. ఆమె తల్లి పక్కన కూర్చుని, చెంపలు నిమిరి, మెల్లగా చెవిలోని పూస తీసింది.

"హేమా, వద్దు! అది లేకపోతే నిన్ను గూడా గుర్తుపట్టదు" అన్నాడు మద్దిలేటి.

"పట్టకపోతే పోనీ. నేనెవురో నేనే చెప్పుకుంటా." పూసను అన్న అరచేతిలో పెట్టింది. "అమ్మ చేతిలో వేసి ఒట్టు పెట్టింది ఈ చెయ్యే గదా."

ఓబులమ్మ కూతురివైపు పరాయిగా చూసి, మర్యాదగా కొంగు సర్దుకుంది. "ఎవరమ్మా నువ్వు? కూసో, సంగటి తిందువు" అంది.

హేమావతి తల్లిని తన వెంట తీసుకొచ్చేసింది. తాడిపత్రిలో మొదటి రోజులు నరకమే. కొత్త చోటు, కొత్త ముఖాలు. ఓబులమ్మ భయపడింది, అలిగింది, గేటు దాకా పోయి తిరిగొచ్చింది. సంగతంతా తెలిసిన తులసి నంద్యాల నుంచి వచ్చి, వాకిట్లోనే అక్కను పట్టుకుని ఏడ్చి, ఉన్నన్నాళ్ళు ఉండి సాయం చేసింది. తిరుపాలు నల్లపెట్టె విప్పి చూసి, లోపల దీపం తప్ప పనికొచ్చేదేమీ లేదని తేల్చాడు.

ఓబులమ్మ మళ్ళీ సంగటి ముద్దలు చేసిన రోజున నాలుగోదాని దగ్గర చెయ్యి ఆగింది.

"ఇదెవరికమ్మా?" అని హేమావతిని అడిగింది. ఈసారి చెవిలో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

చెప్పకుండా ఉండటం ఎంత సుళువో హేమావతికి ఆ క్షణంలో అర్థమైంది. తిరుపాలుకని ఒక్కమాట అంటే చాలు. అమ్మ నవ్వుతుంది, అన్నం తింటుంది, నిద్రపోతుంది. నోటిదాకా వచ్చిందా మాట. అన్నను అంతగా తిట్టిన తనకే వచ్చింది.

"నరహరికి మా. నీ చిన్నకొడుకు. నడుమ గుంట చేసి నెయ్యి పోస్తేగానీ తినేటోడు గాదు."

"యాడుండాడు?"

"లేడు మా. గనిలో నీళ్ళల్లో మునిగి పోయినాడు."

ఓబులమ్మ ముద్దకేసి చాలాసేపు చూసింది. పేరు తెలియలేదు, ముఖం తెలియలేదు. కానీ ఆమె చేతులకు ఏదో తెలిసింది. ఆ ముద్దను కొంగులోకి తీసుకుని గుండెకు హత్తుకుని, "అయ్యో నా కొడకా" అని రాగం తీసింది. హేమావతి ఆమెను గట్టిగా పట్టుకుని తానూ ఏడ్చింది. అన్న ఎందుకు చేశాడో ఆమెకు తెలిసింది. క్షమించడం మాత్రం చేతకాలేదు.

ఇద్దరూ ముఖాలు కడుక్కుని తినబోతుండగా ఫోను మోగింది. మద్దిలేటి.

"హేమా, అమ్మెట్లుంది? వచ్చి తీసుకుపోతా. ఈసారి మూడూ నిజంగా మీ ఇండ్లల్లోనే పెడతా. నువ్వు ఒక్కమాట సరే అంటే చాలు."

హేమావతి ఫోను చెవికి దూరంగా పెట్టి తెర చూసింది. ఎప్పుడు మళ్ళీ నడిపాడో, మూడు చుక్కలూ పచ్చగా ఉన్నాయి.

"నన్నెందుకన్నా అడిగేది? తాడిపత్రి నీ బల్లకిందనే ఉంది గదా. దాన్నే అడుగు. నువ్వేమంటే అదే అంటాది" అని ఫోను పెట్టేసి, తల్లికి సంగటి కలిపి పెట్టింది.